ఐసీయూలో మందులకు లొంగని బ్యాక్టీరియా: ముప్పు రోగిలోనా, మంచం చుట్టూనా?

తలకు దెబ్బ తగిలి ఐసీయూలో చేరిన రోగికి పదో రోజున జ్వరం వస్తుంది. గొంతులోని గొట్టం నుంచి తీసిన కఫం ల్యాబ్‌కు వెళ్తుంది. కల్చర్ రిపోర్టు వచ్చాక చూస్తే బ్యాక్టీరియా పేరు కింద పది పన్నెండు యాంటీబయాటిక్‌ల వరుస, దాదాపు ప్రతి పేరు పక్కనా 'రెసిస్టెంట్', అంటే ఆ మందుకు లొంగదు, అనే మాట. చిట్టచివర కొలిస్టిన్ ఒక్కటి మిగులుతుంది, అది కిడ్నీలను దెబ్బతీసే మందు. అప్పుడు బంధువులు అడిగేది ఒకటే: చేరిన రోజు లేనిది ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. వాటిలో తేలిన కారణాలన్నీ ఒకచోట చేరిస్తే పొడవైన జాబితా తయారవుతుంది. జబ్బు తీవ్రత, కిడ్నీ వైఫల్యం, ఇటీవల ఆసుపత్రిలో ఉండి రావడం, అంతకుముందు వాడిన యాంటీబయాటిక్స్, వెంటిలేటర్, మెడ దగ్గర వేసే సెంట్రల్ లైన్, మూత్రం గొట్టం, డయాలసిస్, ఐసీయూలో గడిచిన రోజులు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఇవన్నీ రోగి కేస్‌షీట్‌లో దొరికే సంగతులు. పక్క మంచం మీద ఎవరున్నారు, ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది నర్సులున్నారు, నిన్నటిదాకా ఇదే గదిలో ఉండి వెళ్లిన రోగి ఒంట్లో ఏముంది అన్నవి కేస్‌షీట్‌లోకి ఎక్కవు. అందుకే ఆ జాబితా సగం సంగతే చెబుతుంది. రెండో సగం వార్డులో వెతుక్కోవాలి.

ముందుగా ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. మొండి బ్యాక్టీరియా ఒంట్లోకి చేరడం వేరు, దానివల్ల జబ్బు రావడం వేరు. చాలామందిలో అది పేగుల్లోనో, చర్మం మీదో, ముక్కులోనో తిష్ఠ వేసుకుని ఏ లక్షణమూ చూపకుండా ఉండిపోతుంది. జ్వరం ఉండదు, రక్త పరీక్షలో తేడా కనిపించదు. మలద్వారం దగ్గర స్వాబ్ తీసి ప్రత్యేకంగా వెతికితే తప్ప బయటపడదు. ఆ తర్వాత రోగి బలహీనపడ్డప్పుడో, గొట్టాల దారిన రక్తంలోకో ఊపిరితిత్తుల్లోకో దిగినప్పుడో ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. జబ్బు రాకపోయినా, తిష్ఠ వేసిన రోజు నుంచే ఆ రోగి ద్వారా అది ఇతరులకు చేరే వీలుంది. కల్చర్ రిపోర్టులో బయటపడిన కేసులనే లెక్కపెట్టే ఐసీయూకి తన దగ్గర అసలు ఎంతమంది మోస్తున్నారో తెలియదు.

సమస్య పరిమాణం చిన్నదేమీ కాదు. 2017 సెప్టెంబరులో ప్రపంచవ్యాప్తంగా ఐసీయూల్లో ఒకే రోజున జరిపిన సర్వేలో 15 వేలకు పైగా రోగుల వివరాలు సేకరించారు. వారిలో 54 శాతం మందికి ఇన్ఫెక్షన్ ఉంది, లేదా ఉందన్న అనుమానం ఉంది. 70 శాతం మందికి కనీసం ఒక యాంటీబయాటిక్ నడుస్తోంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను గమనించాలి. కొందరికి ముందు జాగ్రత్తగా ఇస్తారు, ఆపరేషన్ తర్వాత ఇస్తారు, అందులో సబబైనవీ ఉంటాయి. కానీ ఏ క్షణాన చూసినా పదిమందిలో ఏడుగురి ఒంట్లో యాంటీబయాటిక్ ఉండే చోటు మరొకటి దొరకడం కష్టం. మొండి బ్యాక్టీరియా అక్కడ పాతుకుపోవడంలో వింత లేదు.

యాంటీబయాటిక్ చేసే పనిలో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మందు బ్యాక్టీరియాను మొండిగా మార్చదు. లక్షల కోట్ల బ్యాక్టీరియాలో అప్పటికే ఆ గుణం ఉన్న కొద్దిపాటివి ఉంటే, మిగతావాటిని చంపి వాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. పైరంతా ఎండిపోయి మొండి కలుపు ఒక్కటే పచ్చగా నిలిచిన చేను లాంటిది ఆ పేగు. మామూలు రోజుల్లో పేగులోని ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా కొత్తవాటిని నిలవనివ్వవు. విస్తృత ప్రభావం ఉన్న మందులు ఈ కాపలాను కూల్చేస్తాయి. అందువల్ల రోగి పేగులో ముందే ఉన్న మొండిది పెరుగుతుంది, బయటి నుంచి వచ్చి పడ్డది సులువుగా నిలదొక్కుకుంటుంది. ఒకే మందు రెండు దారులనూ తెరుస్తుంది.

దీనికి ఎన్ని రోజులు పడుతుంది? వారం పైబడి వాడితేనే ప్రమాదమని అనుకోవడం మామూలు. ఫ్రాన్స్‌లో ఐసీయూ రోగుల పేగులను గమనించిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. ఇమిపెనెమ్ అనే విస్తృత ప్రభావం ఉన్న యాంటీబయాటిక్ ఒకటి నుంచి మూడు రోజులు వాడినా, ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా పేగులో చేరే అవకాశం దాదాపు ఆరు రెట్లు కనిపించింది. అమెరికాలో తీవ్ర సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) రోగులు ఏడు వేల మందికి పైగా ఉన్న మరో అధ్యయనం 2019లో వచ్చింది. మెరోపెనెమ్, సెఫెపిమ్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ మందుల్లో ప్రతి అదనపు రోజూ కొత్త నిరోధకత ముప్పును 4 శాతం చొప్పున పెంచిందని అందులో తేలింది. 4 శాతం అంటే కొంచెమేగా అనిపించవచ్చు. 'ఎందుకైనా మంచిది, ఇంకో మూడు రోజులు ఉంచుదాం' అనే నిర్ణయం ఐసీయూలో ప్రతిరోజూ ప్రతి మంచం దగ్గరా జరిగేదే కనుక ఆ కొంచెం ఎక్కడికక్కడ పోగవుతుంది.

యాంటీబయాటిక్స్ కాని మందుల పాత్రా లేకపోలేదు. కడుపులో పుండ్లు పడకుండా ఐసీయూలో చాలామందికి ఆమ్లం తగ్గించే మందులు ఇస్తారు. మింగిన సూక్ష్మజీవులను చంపడంలో జీర్ణాశయ ఆమ్లానిదే మొదటి పని. ఆ మందులు వాడేవారి పేగుల్లో మొండి బ్యాక్టీరియా తిష్ఠ వేసే అవకాశం ఎక్కువని పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి.

ఇక గొట్టాల సంగతి. వెంటిలేటర్ కోసం శ్వాసనాళంలో గొట్టం వేయగానే దగ్గి కఫాన్ని బయటికి నెట్టే శక్తి పోతుంది. గొట్టం చుట్టూ గాలి బుడగలాంటి కఫ్ ఉంటుంది, దాని పైన గొంతులోని స్రావాలు నిలుస్తాయి. కఫ్ ముడతల గుండా అవి బొట్టుబొట్టుగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంటాయి. గొట్టం లోపలి గోడకు బ్యాక్టీరియా జిగురు పొరలా అంటుకుని పెరుగుతాయి. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు, అరకొర మోతాదులో తగిలిన మందును తట్టుకున్నవి మిగిలిపోతాయి. మూత్రం గొట్టంలోనూ ఇదే తంతు. అది లోపలున్న ఒక్కో రోజుకూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. నెల రోజులు ఉంచితే దాదాపు అందరికీ చేరుతుంది. సెంట్రల్ లైన్ నేరుగా గుండె దగ్గరి పెద్ద సిరలోకి వెళ్తుంది కాబట్టి అక్కడ చేరిన బ్యాక్టీరియాకు మధ్యలో అడ్డేమీ ఉండదు.

ఇక్కడిదాకా చెప్పుకున్నవన్నీ రోగి ఒంటికి సంబంధించినవి. వార్డులోకి వస్తే లెక్క మారుతుంది.

1998లో చికాగో పరిశోధకులు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఎంటరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియా ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతోందో ఐసీయూలో రోజువారీగా గమనించారు. వార్డులో ఇప్పటికే ఆ బ్యాక్టీరియా ఉన్న రోగుల నిష్పత్తి పెరిగేకొద్దీ కొత్త రోగికి చేరే ముప్పు పెరిగింది. ఆ నిష్పత్తి సగం దాటాక, రోగి ఏ యాంటీబయాటిక్ వాడాడన్న దాని ప్రభావం వెనక్కి పోయింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది మోస్తుంటే, మందుల విషయంలో ఎంత జాగ్రత్తపడ్డ రోగికైనా రక్షణ తక్కువ. అంటువ్యాధుల నిపుణులు దీన్ని కొలనైజేషన్ ప్రెజర్ అంటారు. ఒక రోగి ముప్పును పక్క రోగుల లెక్కతో కొలిచే ఈ పద్ధతికి రావాల్సినంత ప్రాచుర్యం రాలేదు.

ఒక మంచం నుంచి మరో మంచానికి ఎలా వెళ్తుంది? ఎక్కువగా చేతుల మీదుగా. ఒక నర్సు రోగికి సక్షన్ చేస్తుంటుంది, అంటే గొట్టంలోని కఫం లాగుతుంటుంది, పక్క మంచం మానిటర్ మోగుతుంది. ఆక్సిజన్ పడిపోతోంది. గ్లౌజులు తీసి, చేతులు శుభ్రం చేసుకుని, ఆరనిచ్చి వెళ్లడానికి పట్టే అర నిమిషం ఆ క్షణాన చాలా పెద్దది. ఆమె వెంటనే వెళ్తుంది. వెళ్లాల్సిందే కూడా. మానిటర్ బటన్, మంచం కడ్డీ, ఇన్ఫ్యూజన్ పంపు, మళ్లీ రోగి ఒళ్లు. అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఉన్న రోగులను చూసుకున్న సందర్భాల్లో దాదాపు 39 శాతం సార్లు సిబ్బంది గ్లౌజుల మీదో గౌను మీదో ఆ బ్యాక్టీరియా అంటినట్టు 2010లో ఒక అమెరికా అధ్యయనం చూపించింది.

జెనీవా ఆసుపత్రిలో 1994లో చేసిన పరిశీలనలో, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో 48 శాతం మాత్రమే పాటించారు. ఐసీయూలో అది 36 శాతం. నర్సుల కంటే డాక్టర్లు వెనకబడి ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది: గంటకు ఎన్నిసార్లు శుభ్రం చేసుకోవాల్సి వస్తే అంత తక్కువగా పాటించారు. అంటే ఇది శ్రద్ధలేమి కాదు, పని భారం. చేతులు కడుక్కోమని గోడకు ఇంకో పోస్టర్ అంటించినంత మాత్రాన మారేది కాదు. నర్సుల సంఖ్య తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్లు పెరగడాన్ని ఎన్నో ఐసీయూల్లో గమనించారు. ఒక నర్సుకు ఎందరు రోగులు అన్న నిష్పత్తిని ఆసుపత్రులు ఖర్చుల పద్దులో చూస్తాయి. దాన్ని ఇన్ఫెక్షన్ నియంత్రణ పద్దులో చూడడం న్యాయం.

గది కూడా మోస్తుంది. అసినెటోబాక్టర్ పొడి ఉపరితలం మీద రోజుల నుంచి నెలల దాకా బతకగలదు. 2006లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం ఎనిమిది ఐసీయూలను పరిశీలించింది. అంతకుముందు ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ మందుకు లొంగని స్టెఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా) ఉన్న రోగి ఖాళీ చేసిన గదిలో చేరినవారిలో 3.9 శాతం మందికి అది సంక్రమించింది, ఇతర గదుల్లో చేరినవారికి 2.9 శాతం. ఎంటరోకాకస్ విషయంలో 4.5, 2.8. తేడా నిజమే, కానీ మొత్తం కొత్త కేసుల్లో గది వల్ల వచ్చినవి 5 నుంచి 7 శాతమే. కాబట్టి గది శుభ్రం చేయడం అవసరమే, అదొక్కటే చాలదు. 2011లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో అసినెటోబాక్టర్‌కు ఈ ప్రభావం చాలా ఎక్కువగా, నాలుగు రెట్ల వరకు కనిపించింది. బ్యాక్టీరియాను బట్టి గది పాత్ర మారుతుంది. అన్నిటికీ ఒకే నియమం పెట్టుకోవడం కుదరదు.

అన్నిటికంటే ఊహించనిది సింకు. చేతులు కడుక్కోవడానికి పెట్టిన సింకే బ్యాక్టీరియా గూడుగా మారిన సంఘటనలు ఎన్నో. టొరాంటోలోని ఒక ఆసుపత్రిలో 2004 చివర మొదలై 2006 దాకా సాగిన సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వ్యాప్తికి మూలం వెతికితే ఐసీయూ గదుల్లోని సింకులు దొరికాయి. కుళాయి ధార సరిగ్గా కాలువ రంధ్రం మీద పడుతోంది. రంధ్రం లోపల పేరుకున్న జిగురు పొర నుంచి తుంపర్లు కనీసం ఒక మీటరు దూరం దాకా ఎగిరాయి. ఆ పరిధిలోనే మందులు కలిపే బల్ల, రోగి మంచం ఉన్నాయి. సింకు ఆకృతి మార్చి తుంపర్లు ఎగరకుండా చేశాకే వ్యాప్తి ఆగింది. మిగిలిపోయిన పాలు, గ్లూకోజ్ ద్రవాలు ఇదే సింకులో పారబోయడం ఆ పొరకు మేత వేయడమే. తర్వాతి కాలంలో నెదర్లాండ్స్‌లో ఒక ఐసీయూ రోగుల గదుల నుంచి సింకులనే తీసేసింది. అక్కడ రోగుల ఒంట్లో సూడోమోనాస్ లాంటి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా చేరడం తగ్గింది, ఎక్కువ రోజులు ఉన్న రోగుల్లో ఆ తగ్గుదల మరింత స్పష్టంగా కనిపించింది.

వార్డు ముప్పు ఎంతదో చూపే పెద్ద ఉదాహరణ కోవిడ్. 2020లో ఐసీయూలు కిక్కిరిశాయి, సిబ్బంది చాలలేదు, గ్లౌజులు గౌన్లు కరవయ్యాయి, రోగులు వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉన్నారు. మార్చి నుంచి అక్టోబరు దాకా అమెరికాలో ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగుల్లో దాదాపు 80 శాతం మందికి యాంటీబయాటిక్ ఇచ్చారు. అదే ఏడాది ఇమిపెనెమ్, మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ మందులకు లొంగని అసినెటోబాక్టర్ ఇన్ఫెక్షన్లు ఆసుపత్రుల్లో 78 శాతం పెరిగాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో వెల్లడించింది. అంతకుముందు కొన్నేళ్లుగా తగ్గుతూ వచ్చిన అంకెలు అవి.

పరిశోధనల్లోని అంకెలను చదవడంలోనూ జాగ్రత్త కావాలి. మొండి బ్యాక్టీరియా సోకినవారిని మామూలు మందుకు లొంగే బ్యాక్టీరియా సోకినవారితో పోల్చే అధ్యయనాలు చాలా ఉన్నాయి. రెండో గుంపులో ఆ మందు వాడినవాళ్లు సహజంగానే తక్కువ, వాడి ఉంటే లొంగే బ్యాక్టీరియా చచ్చి ఉండేది. దాంతో మందు వల్ల ముప్పు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. అసలు ఇన్ఫెక్షనే రాని రోగులతో పోల్చినప్పుడే నిజమైన కొలత దగ్గరగా వస్తుంది. ఐసీయూలో గడిపిన రోజులదీ ఇదే చిక్కు. ఎక్కువ రోజులు ఉంటే సోకుతుంది, సోకితే ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తుంది. సోకక ముందు గడిచిన రోజులను విడదీసి లెక్కించని అధ్యయనాల్లో కారణమేదో ఫలితమేదో కలగలిసిపోతాయి. జబ్బు తీవ్రత మరీ చిక్కైనది: తీవ్రంగా ఉన్నవారికే ఎక్కువ గొట్టాలు, ఎక్కువ మందులు, ఎక్కువ చేతుల తాకిడి. తీవ్రతను తగ్గించడం వైద్యుల చేతుల్లో ఉండకపోవచ్చు. దాని వెంట వచ్చేవాటిలో చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

మార్చగలిగినవాటిని మార్చి చూసిన చోట ఫలితం కనిపించింది. మిషిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ వేసేటప్పుడు ఐదే పనులు తప్పనిసరి చేశారు: చేతులు శుభ్రం చేసుకోవడం, రోగిని పూర్తిగా కప్పే స్టెరైల్ గుడ్డలు, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రవంతో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. లైన్ వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రకటించారు. మొండి బ్యాక్టీరియాను వేరుచేసి లెక్కించిన అధ్యయనం కాదది. అయినా ప్రతి తప్పిన ఇన్ఫెక్షన్ వల్ల ఒక యాంటీబయాటిక్ కోర్సు తప్పుతుంది. 2013లో వెలువడిన మరో పెద్ద పరీక్ష 74 ఐసీయూల్లో జరిగింది. వాటిలో ఒక గుంపు ఐసీయూల్లో ఎవరికి ఏముందో వెతికే బదులు రోగులందరికీ రోజూ క్లోర్‌హెక్సిడిన్‌తో ఒళ్లు తుడిచి, ముక్కులో ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ లేపనం రాశారు. రక్త ఇన్ఫెక్షన్లు 44 శాతం తగ్గాయి. అదే ఏడాది, రోగి గదిలో అడుగుపెట్టే ప్రతివారూ గౌను, గ్లౌజులు వేసుకోవాలన్న నియమాన్ని 20 ఐసీయూల్లో పరీక్షించారు. ఎంఆర్‌ఎస్‌ఏ తగ్గింది గానీ ఎంటరోకాకస్ తగ్గలేదు. చూడ్డానికి గట్టిగా కనిపించే ప్రతి కట్టుబాటూ గట్టిగా పనిచేయదు.

కోర్సు నిడివి విషయంలో ఆధారాలు ఇంకా బలమైనవి. వెంటిలేటర్ న్యుమోనియాకు 8 రోజులు చాలునా, 15 రోజులు కావాలా అని 51 ఫ్రెంచ్ ఐసీయూలు పరీక్షించి 2003లో ఫలితాలిచ్చాయి. మరణాల్లో తేడా లేదు. మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చినవారిలో మొండి బ్యాక్టీరియా కనిపించింది 8 రోజుల గుంపులో 42 శాతం మందికి, 15 రోజుల గుంపులో 62 శాతం మందికి. రక్తంలో బ్యాక్టీరియా చేరినవారికి 14 రోజుల బదులు 7 రోజులు చాలునని మూడున్నర వేల మందికి పైగా రోగులతో జరిగిన పరీక్ష 2024లో చూపించింది. అయితే స్టెఫిలోకాకస్ ఆరియస్ సోకినవారిని, దీర్ఘకాలం మందులు అవసరమయ్యే ఇన్ఫెక్షన్లు ఉన్నవారిని అందులో చేర్చలేదు. ఇంత ఆధారం ఉన్నాక కూడా అలవాటు కొద్దీ రెండు వారాలు రాయడం సమర్థించుకోదగ్గది కాదు.

మిగిలింది, తెలియకుండా మోసుకొచ్చే వారి సంగతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన క్లినికల్ సెంటర్‌కు 2011 జూన్‌లో న్యూయార్క్ నుంచి ఒక రోగి వచ్చారు. ఆమె ఒంట్లో కార్బపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందని ముందే తెలుసు. విడిగా ఉంచారు, జాగ్రత్తలు తీసుకున్నారు. ఆమె జులైలో డిశ్చార్జి అయ్యారు. మూడు వారాల తర్వాత రెండో రోగిలో అదే బ్యాక్టీరియా బయటపడింది. మొత్తం 18 మందికి చేరింది, వారిలో 11 మంది చనిపోయారు, వాటిలో 6 మరణాలకు ఆ ఇన్ఫెక్షనే కారణం. బ్యాక్టీరియా జన్యుక్రమాలను పోల్చి చూస్తే అన్నీ ఆ మొదటి రోగి నుంచే, ఒకటికంటే ఎక్కువసార్లు విడివిడిగా వ్యాపించాయని తేలింది. మధ్యలో లక్షణాలు లేకుండా మోసినవారున్నారు. సింకు కాలువల్లో, శుభ్రం చేశామనుకున్న ఒక వెంటిలేటర్‌లో కూడా అది దొరికింది. ఆ తర్వాత ఐసీయూ రోగులందరికీ స్వాబ్ పరీక్షలు చేశారు, సోకినవారికి గోడ కట్టి వేరే విభాగం ఏర్పాటు చేశారు, సిబ్బంది చేతులు శుభ్రం చేసుకుంటున్నారో లేదో చూడడానికే మనుషులను పెట్టారు.

అక్కడ మొదటి రోగి సంగతి వచ్చేటప్పటికే తెలుసు. చాలా బదిలీల్లో అదీ తెలియదు. ఒక ఐసీయూ నుంచి మరో ఐసీయూకి రోగి అర్ధరాత్రి అంబులెన్సులో వస్తాడు. స్కాన్ ఫిల్ములు, మందుల చీటీ, బిల్లులు వెంట వస్తాయి. కల్చర్ రిపోర్టు ల్యాబ్‌లో ఇంకా పెండింగులో ఉంటుంది, లేదా పాత ఫైల్లోనే ఉండిపోతుంది. కొత్తచోట మామూలు మంచం ఇస్తారు, రెండు రోజుల తర్వాత పాత ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే వస్తుంది. ఈలోపు ఆ రోగిని ముట్టుకున్న చేతులు ఎన్నో మంచాల దగ్గరికి వెళ్లి ఉంటాయి. పెండింగులో ఉన్న కల్చర్ల వివరం, గత నెలల్లో వాడిన యాంటీబయాటిక్స్ పేర్లు, తేదీలు డిశ్చార్జి సమ్మరీ మొదటి పేజీలోనే రాయడం, వేరే ఐసీయూ నుంచి వచ్చిన ప్రతి రోగికీ స్వాబ్ తీసి ఫలితం వచ్చేదాకా విడిగా ఉంచడం కొత్త యంత్రాలేవీ అడగని పనులు. సమ్మరీలో ఆ వివరాలు లేకపోతే వాటిని అడిగే హక్కు కొత్త డాక్టరుకూ ఉంది, రోగి వెంట వచ్చిన వాళ్లకూ ఉంది.